సున్నా స్టార్లతో గేమ్ ఎట్లా అయిపోతుంది? సూపర్ మారియో 64లో ‘పూర్తి’ అనే మాట కథ

వేసవి సెలవులకు మా అక్క కొడుకు బెంగళూరు నుంచి కర్నూలుకు వచ్చాడు, వస్తూ వస్తూ స్విచ్ అనే గేమ్ మెషీన్ తెచ్చుకున్నాడు. దాంట్లో సూపర్ మారియో 64 ఉంది, 2020లో నింటెండో కంపెనీ మూడు పాత మారియో గేములు కలిపి అమ్మిన కలెక్షన్‌లోది. మా ఊరి ఎండ సంగతి తెలిసిందే, మిట్టమధ్యాహ్నం కొండారెడ్డి బురుజు దగ్గర కుక్క కూడా కనపడదు. కాబట్టి వాడు కూలర్ ముందు నుంచి కదల్లేదు. రెండో రోజు సాయంత్రానికి మొహం చూస్తే ఏడుపొక్కటే తక్కువ. “మామా, వీడియోలో ఒకాయన ఒక్క స్టార్ కూడా తీసుకోకుండా ఆరేడు నిమిషాల్లో గేమ్ ఫినిష్ చేసినాడు. మెట్ల మీద వెనక్కి దూకమన్నాడు. పొద్దున్నుంచి దూకుతానే ఉన్నా, ఏమీ కావడం లేదు, బొటనవేలు మాత్రం నొప్పొచ్చింది.”

వాడి తప్పేం లేదు. వాడి చేతిలో ఉన్న కాపీలో ఆ కిటుకు పనిచేయదు, ఎందుకనేది తర్వాత చెప్తా. కానీ వాడి ప్రశ్న వెనకాల ఇంకో ప్రశ్న ఉంది. ఒకరు 120 స్టార్లు అంటారు, ఒకరు 70, ఒకరు 16, ఒకరు సున్నా, ఇంకొకరైతే దూకే బటనే నొక్కకుండా పూర్తి చేశానంటారు. ఒకే ఆటకు ఇన్ని ‘పూర్తి’లు ఎట్లా ఉంటాయి?

స్టార్లు ఎన్ని, ఎందుకు

తొంభైల్లో మా ఈడు వాళ్లకు మారియో అంటే టీవీ గేమ్ మారియోనే. పసుపుపచ్చ క్యాసెట్ పెట్టడం, పనిచేయకపోతే తీసి నోటితో ఊదడం, ఎడమ నుంచి కుడికి పరిగెత్తడం. పోవాల్సిన దారి ఒకటే, చివర జెండా. ఆ ఆటలో ‘అయిపోయింది’ అంటే ఏంటని ఎవరికీ డౌట్ రాలేదు, ఎందుకంటే స్టేజీలన్నీ దాటితే అయిపోయినట్టే.

1996 జూన్ 23న జపాన్‌లో నింటెండో 64 అనే గేమ్ మెషీన్‌తో పాటు వచ్చిన సూపర్ మారియో 64 ఈ పద్ధతిని తిరగేసింది. షిగేరు మియమోతో దర్శకత్వంలో తయారైన ఈ గేమ్‌లో మారియో మూడు కొలతల లోకంలో ఎటైనా పోవచ్చు. స్టిక్‌ను కొంచెం తోస్తే నడుస్తాడు, పూర్తిగా తోస్తే పరిగెత్తుతాడు. వెనకాల మేఘం మీద కూర్చున్న ఒక పాత్ర కెమెరా పట్టుకొని తిరుగుతూ ఉంటుంది, మనకు కనిపించే దృశ్యం అది తీస్తున్నదే అన్నట్టు. ఇప్పుడు ఇవన్నీ మామూలే గానీ, అప్పట్లో ఇళ్లలో ఆడుకునేవాళ్లకు ఇది కొత్త అనుభవం.

కథ చిన్నది. బౌజర్ అనే విలన్ కోటను పట్టుకున్నాడు, కోటలో గోడలకు పెయింటింగులు ఉన్నాయి, పెయింటింగ్‌లోకి దూకితే ఒక లోకం. మొత్తం లోకాలు 15. ఒక్కోదాంట్లో 7 స్టార్లు, అంటే 105. ఇవి కాక కోటలో అక్కడక్కడా దాచిన రహస్య స్టార్లు 15. మొత్తం 120.

స్టార్ అంటే ఒక చిన్న పని చేసినందుకు వచ్చే బహుమతి. మొదటి లోకంలో మొదటి పని చూడండి. కొండ ఎక్కాలి, పైన మీసాల బాంబు రాజు ఉంటాడు, వాడి వెనక్కి పోయి ఎత్తి మూడుసార్లు కింద పడేయాలి. కొండ కిందికి విసిరేశారనుకోండి, ‘ఇది రూలు కాదు’ అని మళ్లీ పైకొచ్చి పోరు మొదటి నుంచి మొదలుపెడతాడు. నాకు ఈ గేమ్‌లో చాలా నచ్చిన విషయాల్లో ఇదొకటి, శత్రువే అంపైర్.

తలుపు దగ్గర లెక్క

స్టార్లు ఏరడం దేనికి? తలుపుల కోసం. కోటలో కొన్ని తలుపుల మీద అంకె ఉంటుంది: 1, 3, 8, 30, 50. మీ దగ్గర అన్ని స్టార్లుంటే తెరుచుకుంటుంది. 8 స్టార్ల తలుపు దాటితే మొదటి బౌజర్, వాణ్ణి తోక పట్టుకొని గిరగిరా తిప్పి విసిరితే నేలమాళిగ తాళంచెవి. నేలమాళిగలో 30 స్టార్ల తలుపు వెనక రెండో బౌజర్, అక్కడ దొరికే తాళంచెవితో మేడ మీదికి. 50 తలుపు దాటి పైఅంతస్తుకు పోతే చివరి బౌజర్‌కు దారితీసే మెట్లు.

ఆ మెట్ల దగ్గర తలుపు ఆపదు, మెట్లే ఆపుతాయి. 70 స్టార్లు లేకపోతే ఎంత ఎక్కినా మెట్లు తరగవు. మీరు కొంత ఎత్తుకు రాగానే గేమ్ మిమ్మల్ని చప్పుడు లేకుండా కొన్ని మెట్లు వెనక్కి జరుపుతుంది, చుట్టూ ఒకే గోడ కాబట్టి జరిపినట్టు తెలీదు. అక్కడ మోగే సంగీతం కూడా అంతే, స్వరం పెరుగుతూనే ఉన్నట్టు వినిపిస్తుంది గానీ నిజానికి ఎక్కడికీ పోదు.

అంటే గేమ్ తయారుచేసినవాళ్ల ఉద్దేశంలో చివరి బౌజర్‌ను చేరడానికి 70 చాలు, మిగతా 50 మీ ఇష్టం. 120 చేస్తే కోట బయట ఫిరంగి తెరుచుకుంటుంది, దాంతో కోట పైకప్పు మీదికి ఎగిరితే యోషి అనే డైనోసార్ కనిపించి 100 ప్రాణాలు ఇస్తుంది. ఆట అంతా అయిపోయాక వంద ప్రాణాలు ఏం చేసుకోవాలో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మావాడికి దీన్ని అహోబిలంతో పోల్చి చెప్పా. దిగువ అహోబిలంలో దర్శనం చేసుకొని తిరిగొచ్చినవాడు “అహోబిలం పోయొచ్చినా” అంటాడు. ఎగువకు కూడా పోయినవాడూ అదే అంటాడు. వాగులు, రాళ్లు దాటుకుంటూ తొమ్మిది నరసింహులనూ చూసి, ఓపికుంటే ఉగ్రస్తంభం కూడా ఎక్కి వచ్చినవాడూ అదే మాటంటాడు. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఎవరు ఎక్కడిదాకా పోయారో అడిగితే తప్ప ఆ మాటకు అర్థం తేలదు. మారియో ఆటగాళ్లు చేసింది కూడా ఇదే, ముందే అడిగేసి, దానికి కేటగిరీ అని పేరు పెట్టుకున్నారు. వేగంగా ఆడి టైము కొలుచుకునే స్పీడ్‌రన్‌లలో పెద్ద కేటగిరీలు ఐదు: 120, 70, 16, 1, 0.

మరి 16 అనే వింత అంకె ఎక్కడిది

120, 70 అర్థమయ్యాయి. 16 ఏంటి? ఏ తలుపు మీదా ఆ అంకె లేదు కదా.

నేలమాళిగలో ఒక పసుపుపచ్చ కుందేలు ఉంటుంది, పేరు మిప్స్. నింటెండో 64లోని ప్రాసెసర్ రకం పేరే దానికి పెట్టారు. మీ దగ్గర 15 స్టార్లు చేరితేనే అది బయటికొస్తుంది. పట్టుకుంటే ఒక స్టార్ ఇవ్వడం దాని అసలు పని. ఆటగాళ్లు వేరే పని కనిపెట్టారు. దాన్ని ఎత్తుకొని 30 స్టార్ల తలుపు దగ్గరికి తీసుకుపోయి, సరైన చోట సరైన క్షణంలో వదిలితే మారియో మూసిన తలుపులోంచి అవతలికి జారిపోతాడు. కాబట్టి 30 బదులు 15 చాలు. తలుపు అవతల నీళ్ల లోకం ఉంది, అందులో జలాంతర్గామి దగ్గరి మొదటి స్టార్ తీసుకుంటేనే ఆ నీలిరంగు నీటి తెర వెనక్కి జరిగి, రెండో బౌజర్ దగ్గరికి పోయే గుంత బయటపడుతుంది. 15కు ఆ ఒక్కటి కలిపితే 16. పైన 50 తలుపు, తరగని మెట్లు ఉన్నాయి కదా అంటారా, అక్కడే మావాడు బొటనవేలు అరగ్గొట్టుకున్న వెనక్కి దూకుడు వస్తుంది.

చాలాకాలం 16 కంటే తగ్గదనుకున్నారు. తర్వాత ఆ దూకుడునే మిగతా తలుపుల దగ్గరా వాడొచ్చని తేలింది. అప్పుడు కుందేలు అక్కర్లేదు, జలాంతర్గామి స్టార్ ఒక్కటి చాలు, అది 1 కేటగిరీ. నీటి తెర జరగకముందే విపరీతమైన వేగంతో దాన్ని దాటి గుంతలో పడొచ్చని తెలిశాక ఆ ఒక్కటీ పోయింది, మిగిలింది సున్నా. ఇప్పుడు బాగా ఆడేవాళ్లు 120ని గంటా 40 నిమిషాల లోపు, 70ని 47 నిమిషాల లోపు, 16ని 15 నిమిషాల లోపు ముగిస్తున్నారు.

వెనక్కి దూకితే వేగం ఎందుకు పెరుగుతుంది

మారియోకు లాంగ్ జంప్ ఉంది. పరిగెత్తుతూ వంగి ‘ఎ’ బటన్ నొక్కితే పొడుగ్గా దూకుతాడు. అప్పుడు గేమ్ చేసే లెక్క ఏంటంటే, అప్పటి వేగాన్ని ఒకటిన్నరతో గుణిస్తుంది, 48 దాటితే 48 దగ్గర ఆపేస్తుంది. మామూలు పరుగు 32. ఒకటిన్నరతో గుణిస్తే 48. అంతా సవ్యంగానే ఉంది.

ఇప్పుడు మారియో వెనక్కి కదులుతున్నాడనుకోండి. గేమ్ దృష్టిలో వెనక్కి వేగం అంటే మైనస్ అంకె. మైనస్ 16తో మొదలుపెడదాం. ఒక దూకుకు మైనస్ 24, తర్వాత మైనస్ 36, 54, 81, 121, 182, 273, ఎనిమిదో దూకుకు మైనస్ 410, పదోదానికి మైనస్ 920 పైన. మధ్యలో గాల్లో కొంచెం తగ్గుతుంది, లెక్క సులువుగా ఉండాలని వదిలేశా. ‘48 దాటిందా’ అని గేమ్ ప్రతిసారీ అడుగుతుంది. మైనస్ 920 అనేది 48 కంటే చిన్న అంకె కదా, కాబట్టి జవాబు ‘దాటలేదు’. ముందుకు పోయేవాడికి గేటు పెట్టారు, వెనక్కి పోయేవాడి గురించి ఎవరూ ఆలోచించలేదు, అంతే.

మెట్లే ఎందుకు? మామూలు నేల మీద ఒక దూకుకూ ఇంకో దూకుకూ మధ్య గ్యాప్ ఎక్కువ, ఆ లోపల వేగం పోతుంది. మెట్ల మీదైతే దూకిన వెంటనే కాలు తగులుతుంది, వెంటనే మళ్లీ నొక్కొచ్చు. అందుకే ఆ టపటపా బటన్ నొక్కుడు.

గోడ ఏం చేస్తోంది మరి

వేగం పెరిగింది సరే, మూసిన తలుపు ఆపాలి కదా? ఇక్కడ రాజ్‌విహార్ సెంటర్‌లో ఒక ట్రాఫిక్ పోలీసును ఊహించుకోండి. ఆయన కళ్లు మూసుకొని నిలబడి, అప్పుడప్పుడూ ఒక్క క్షణం తెరుస్తాడు, ఆ క్షణంలో గీత దగ్గర ఎవరైనా కనిపిస్తే ఆపుతాడు. మెల్లగా వచ్చేవాడు ఎప్పుడో ఒకప్పుడు దొరుకుతాడు. కళ్లు మూసి తెరిచే లోపల గీత ఇవతల నుంచి అవతలికి పోయినవాడు ఆయన లెక్కలో గీత దాటనే లేదు.

ఈ గేమ్ సెకనుకు 30 బొమ్మలు, అంటే ఫ్రేములు, చూపిస్తూ నడుస్తుంది, ప్రతి ఫ్రేములో మారియో కదలికను నాలుగు ముక్కలు చేసి ముక్క ముక్కకూ గోడ ఉందా అని చూస్తుంది. వేగం 48 అయితే ఒక్కో ముక్క 12 యూనిట్లు. గోడకు అటూ ఇటూ సుమారు 50 యూనిట్ల దూరంలో ఉన్నప్పుడు గేమ్ పట్టుకొని తోసేస్తుంది, కాబట్టి 12 యూనిట్ల అడుగులు వేసేవాడు తప్పించుకోలేడు. వేగం 920 అయితే ముక్క 230 యూనిట్లు. గోడ చుట్టూ ఉన్న వంద యూనిట్ల పట్టీని ఒక్క అంగలో దాటేస్తాడు. తరగని మెట్ల దగ్గరా ఇదే, వెనక్కి జరిపే చోటుకు కాలు తగలకుండా దాటిపోతాడు.

మోసమా, కాదా

ఇక్కడ జనం రెండుగా చీలిపోతారు. ఒక వర్గం మాట ఇది: తలుపు మీద 50 అని రాసుంది, నీ దగ్గర ఒక్కటీ లేదు, ప్రోగ్రాం రాసినవాళ్ల పొరపాటును పట్టుకొని దూరిపోయి ‘ఆట గెలిచా’ అనడం ఏం గెలుపు? రెండో వర్గం ఏమంటుందంటే, మేం మెషీన్ విప్పలేదు, కోడ్ మార్చలేదు, పెట్టెలో వచ్చిన కంట్రోలర్‌తో, అందరికీ ఉన్న బటన్లతోనే ఆడాం, గేమ్ ఒప్పుకున్నదే చేశాం.

రెండింట్లోనూ న్యాయం ఉంది. అందుకే ఆటగాళ్లు వాదించుకుంటూ కూర్చోకుండా కేటగిరీలతో తెంచేశారు. 70 స్టార్ల కేటగిరీలో వెనక్కి దూకుడు వాడకూడదని రూలు, 16లో వాడొచ్చు. ఎవరికి నచ్చినది వాళ్లు ఆడతారు, రెండింటి టైములూ ఒకదానితో ఒకటి పోల్చరు. నా మటుకు నాకు 70 చూడ్డానికి బాగుంటుంది, అందులో గేమ్ కనిపిస్తుంది. సున్నా చూస్తే గేమ్ వెనకాల ఉన్న లెక్క కనిపిస్తుంది, అదో రకం మజా.

ఇంకో తికమక కూడా ఉంది. కొన్ని వీడియోల్లో మారియో మనిషికి సాధ్యం కానట్టు కదులుతాడు. అవి ఒక్కో ఫ్రేమును ఆపి, ఏ బటన్ నొక్కాలో కంప్యూటర్‌లో తీరిగ్గా రాసి కూర్చినవి. వాటిని ఎవరూ చేత్తో ఆడిన రికార్డుగా చెప్పుకోరు. చూసే మనమే రెండూ కలిపేసుకుంటాం.

దూకే బటన్ నొక్కకుండా

స్టార్లు తగ్గించడం అయిపోయాక కొందరు ‘ఎ’ బటన్ నొక్కుళ్లు తగ్గించడం మొదలుపెట్టారు. మారియో గేమ్‌లో దూకకుండా ఆడటమంటే కర్నూలు నుంచి నంద్యాలకు బండి ఉన్నా వెనక చక్రం మీదే పోతాననడం లాంటిది. 2016 జనవరిలో వచ్చిన ఒక వీడియోలో ఒక స్టార్‌ను ‘అర నొక్కు’తో తీసుకోవడం గురించి చెప్తే జనం నవ్వుకున్నారు. బటన్‌ను సగం ఎట్లా నొక్కుతారు?

నిజానికి అది సమంజసమైన లెక్కే. ఒక నొక్కుకు మూడు దశలు: నొక్కడం, పట్టి ఉంచడం, వదలడం. కొన్ని పనులకు నొక్కడం కావాలి, కొన్నిటికి పట్టి ఉంటే చాలు. లోకంలోకి వచ్చేముందే నొక్కి, వేలు తీయకుండా లోపలికి వచ్చారనుకోండి, ఆ స్టార్ కోసం లోపల కొత్తగా నొక్కలేదు. ఒక్క స్టార్‌నే చూస్తే దానికి ఆ నొక్కు అవసరం, మొత్తం ఆటను చూస్తే అది అంతకుముందు ఎట్లాగూ నొక్కిందే. ఈ తేడా చూపించడానికే ‘అర’ అన్నారు.

అదే వీడియోలో ‘సమాంతర లోకాలు’ అని ఇంకో మాట వస్తుంది. ఇది వేదాంతం కాదు, మీటర్ తిరగడం. పాత స్కూటర్ మీటర్ 99999 దాటితే మళ్లీ 00000 చూపిస్తుంది గుర్తుందా? మారియో ఎక్కడున్నాడనేది గేమ్ పెద్ద అంకెగా రాసుకుంటుంది, కానీ కాళ్ల కింద నేల ఉందా అని చూసేటప్పుడు ఆ అంకెను 16 బిట్ల (0 లేదా 1 పట్టే గళ్లు 16 ఉన్న) చిన్న పెట్టెలో కుదిస్తుంది, అది 65,536 దగ్గర తిరిగిపోతుంది. మారియో 66,536 దగ్గర ఉంటే నేల చూసే లెక్కకు 1,000 దగ్గర ఉన్నట్టే. కాబట్టి అసలు మ్యాప్‌కు బయట, కంటికి ఏమీ కనిపించని చోట, అదే నేల మళ్లీ ఉన్నట్టు నడవొచ్చు. కదలికను నాలుగు ముక్కలు చేస్తుందని చెప్పా కదా, ప్రతి ముక్కకూ కాలు కింద నేల దొరకాలంటే ఒక్క ఫ్రేములో 2,62,144 యూనిట్లు పోయేంత వేగం కావాలి. ఆ వేగం కూడబెట్టడానికి మారియోను ఒక మూలన 12 గంటలు వదిలేశారు.

చివరికి 2024 మేలో ఒక ఆటగాడు ‘ఎ’ ఒక్కసారి కూడా నొక్కకుండా చివరి బౌజర్ దాకా గేమ్ ముగించాడు, సుమారు 86 గంటలు పట్టింది. అందులో ఎక్కువ భాగం ఎదురుచూపే. నింటెండో వీ (Wii) అనే తర్వాతి మెషీన్ మీద వచ్చిన కాపీలో దశాంశాలను సరిచేసే తీరులో చిన్న తేడా ఉంది, దానివల్ల లావా లోకంలోని పలకలు కంటికి తెలియనంత మెల్లగా పైకి జరుగుతుంటాయి. అవి చాలినంత ఎత్తుకు రావడానికి రోజుల తరబడి ఆగాడు. అసలు నింటెండో 64లో ఆ పలకలు అట్లా పైకి జరగవు కాబట్టి, ఇది ‘నింటెండో 64 మీద పూర్తి’ అనకూడదని కొందరి అభ్యంతరం. కాపీ కూడా నింటెండో అమ్మిందే కదా అని ఇంకొందరు. ఇక్కడా మళ్లీ ఏ గేమ్, ఏ మెషీన్ అని ముందే చెప్పుకోవడమే పరిష్కారం.

అంతరిక్షం నుంచి వచ్చిన సాయం సంగతి

అంతరిక్షం నుంచి వచ్చిన కణం ఒకటి ఒక ఆటగాడికి సాయం చేసిందని ఒక మాట తిరుగుతుంటుంది, దీని గురించి మావాడూ అడిగాడు కాబట్టి చెప్తున్నా. 2013లో గడియారం లోకంలో ఆడుతున్న ఒకాయన మారియో ఉన్నట్టుండి పైఅంతస్తుకు ఎగిరిపోయాడు. మళ్లీ అట్లా చేసి చూపించినవాళ్లకు వెయ్యి డాలర్లు ఇస్తామన్నారు, మామూలుగా ఆడి ఎవరూ చేయలేకపోయారు. ఎత్తు రాసుకునే అంకెలో ఒకే ఒక్క బిట్ 1 నుంచి 0కు మారితే సరిగ్గా అదే జరుగుతుందని మాత్రం తేలింది, సుమారు మైనస్ 4,200 ఉన్నది మైనస్ 1,050 అవుతుంది. ఇంతవరకూ గట్టి విషయం. ఆ బిట్‌ను మార్చింది అంతరిక్షం నుంచి వచ్చిన కణం అనేది మాత్రం ఊహ. అట్లాంటి కణాలు మెమరీలో బిట్లు మార్చగలవు, అది శాస్త్రమే. కానీ పాత క్యాసెట్, సరిగ్గా కూర్చోని పిన్నులు, ముసలి మెషీన్ కూడా బిట్లు మార్చగలవు. క్యాసెట్ ఊది పెట్టినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

మావాడికి ఎందుకు రాలేదంటే

1997 జూలైలో జపాన్‌లో ఈ గేమ్‌ను కంట్రోలర్ వణికే సౌకర్యంతో మళ్లీ విడుదల చేశారు, దాన్ని షిందో ఎడిషన్ అంటారు. అందులో కొన్ని పొరపాట్లు సరిదిద్దారు, వెనక్కి దూకుడు వేగం పెరగకుండా చేయడం వాటిలో ఒకటి. 2020 నాటి స్విచ్ కలెక్షన్‌ను ఆ షిందో ఎడిషన్ ఆధారంగా చేశారు. వీడియోలో ఆయన ఆడింది అంతకుముందు కాపీ. పేరు ఒకటే, పెయింటింగులు అవే, మెట్లు అవే, లోపల ఒక లెక్క మాత్రం వేరు.

ఇది చెప్తే వాడు కాసేపు అలిగి, తర్వాత పద్ధతిగా స్టార్లు ఏరడం మొదలుపెట్టాడు. ఊరికి పోయే ముందురోజు రాత్రికి 58 అయ్యాయి, 50 తలుపు తెరుచుకుంది. ఊరికే చూద్దామని మెట్ల దగ్గరికి పోయి ఎక్కడం మొదలుపెట్టాడు, సంగీతం పైకి పోతూనే ఉంది, మెట్లు వస్తూనే ఉన్నాయి. వంటింట్లోంచి అన్నానికి పిలవడానికి వచ్చిన మా అమ్మ కాసేపు నిలబడి టీవీ చూసింది.

“ఎంతసేపు ఎక్కుతావు రా, యాడికి పోవల్ల నువ్వు?”

“ఇంగా 12 కావల్ల అవ్వా,” అన్నాడు, వేలు తీయకుండా.